భయంలో ఎవరి వాటా ఎంత?

నిజామాబాదు దాటి, గోదావరి వంతెన దాటి మన్మాడు వైపు పోయే రైలుదారిలో బాసర, ధర్మాబాదు, ఆ పైన ఉమ్రి వస్తాయి. ఇవాళ నాందేడు జిల్లాలో తాలూకా కేంద్రమైన ఈ ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఈ సరిహద్దు పట్టున మరాఠీ పక్కనే తెలుగూ బతుకుతోంది. పత్తి, సోయా, కంది, జొన్న పండే నేల ఇది. కోతలయ్యాక గింజ ఇంటికి చేరుతుంది, గింజ వెంట ఎలుకా చేరుతుంది. జొన్న బస్తా పక్కకు జరిపితే గోడవారన నల్లగా, బియ్యపు గింజంతేసి పెంటికలు కనబడటం ఇక్కడ వింతేమీ కాదు. ఆ బస్తా జరిపిన చెయ్యి కడుపుతో ఉన్న మనిషిదైతే మాత్రం ప్రశ్న మొదలవుతుంది. దీనివల్ల బిడ్డకు ఏమన్నా అవుతుందా అన్నది మొదటిది. ఏమన్నా అయితే అది నా వల్లేనా అన్నది ఆ వెనకే వచ్చేది. మొదటిదానికి డాక్టరు జవాబు చెప్పగలడు. రెండోది పాపపుణ్యాల లెక్క. అక్కడ ధర్మమూ తత్త్వమూ నోరు విప్పక తప్పదు. మన ఇళ్ళలో ఆ రెండో ప్రశ్నకు చాలాకాలంగా తప్పు జవాబు చెబుతున్నాం. మన గ్రంథాలు చెప్పే జవాబు వేరు. గర్భిణి ఒంటరిగా మోసే భయంలో ఎక్కువ భాగం, చుట్టూ ఉన్నవాళ్ళు దించుకున్న బాధ్యతల బరువే అన్నది నా వాదన.

ముందు ప్రమాదం ఎంతో తేల్చుకోవాలి. లేని ముప్పును ఉందనడమూ ఉన్నదాన్ని లేదనడమూ రెండూ అసత్యాలే. ఇళ్ళలో తిరిగే చిట్టెలుకల్లో లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అనే వైరస్ ఉండొచ్చు. ఎలుక మూత్రం, పెంటికలు, లాలాజలం తాకినా, అవి ఎండి దుమ్ములో కలిసి ముక్కులోకి పోయినా మనిషికి సోకవచ్చు. 1930లలో గుర్తించిన ఈ వైరస్ తల్లి నుంచి గర్భంలోని శిశువుకు పాకగలదని 1955లో ఇంగ్లండులో బయటపడింది. ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో సోకితే గర్భం పోవడం, బిడ్డ మెదడులో నీరు చేరడం, చూపు దెబ్బతినడం జరగవచ్చు. ఇది చిన్న మాట కాదు. అయితే ప్రతి ఎలుకలోనూ ఈ వైరస్ ఉండదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అక్కడి ఇళ్ళ చిట్టెలుకల్లో సుమారు 5 శాతంలోనే ఉంటుందని చెబుతుంది. వానాకాలంలో మనకు మరింత దగ్గరి జబ్బు లెప్టోస్పైరోసిస్. అది పెంటికల కంటే ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల, బురద వల్ల వస్తుంది. తడి ఆరితే ఆ క్రిమి బతకదు, సోకినా మందులున్నాయి. చాలామంది భయపడే టాక్సోప్లాస్మా అయితే పిల్లి మలం నుంచి వస్తుంది కాని ఎలుక పెంటికల నుంచి రాదు. ఇవన్నీ కలిపి చూస్తే ముప్పు నిజమే, అరుదైనదీ నిజమే. పెంటికలు చేతికి తగిలిన గర్భిణుల్లో అత్యధికులకు ఏ జబ్బూ రాదు.

ముప్పుకు తగిన పని కూడా చిన్నదే. తలుపులు, కిటికీలు తెరిచి ఒక అరగంట గాలి ఆడనివ్వాలి. పొడి చీపురుతో ఊడవకూడదు, ఊడిస్తే దుమ్ము లేచి నేరుగా ముక్కులోకి పోతుంది. ఒక పాలు ద్రవ బ్లీచుకు తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి పెంటికల మీద పోసి ఐదు నిమిషాలు నాననివ్వాలి. చేతి తొడుగులు వేసుకుని పాత గుడ్డతో ఎత్తి, కవరులో మూటగట్టి పారేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ పని గర్భిణి కాక ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఆ తర్వాత రోజుల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తే డాక్టరుకు ఎలుకల సంగతి కూడా చెప్పాలి. గింజను మూత బిగుసుకునే డబ్బాల్లోకి మార్చి, గోడల కన్నాలు పూడ్చాలి. సగం పూటలో అయిపోయే పని ఇది. ఇక్కడే అసలు చిక్కు కనబడుతుంది. పని అయిపోతుంది, భయం అయిపోదు. నిన్న ముట్టుకున్న చేటా, మొన్న పీల్చిన దుమ్మూ, మూడో నెలలో ఎప్పుడో శుభ్రం చేసిన అటకా ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. గడ్డిపరకల కంటే ఎక్కువ లెక్కలో ఉండేది చింతేనని యక్షుడికి ధర్మరాజు చెప్పిన జవాబు ఊరికే చెప్పింది కాదు.

పని ముగిసినా ముగియని ఈ భయాన్ని జాగ్రత్త అనడం పొరపాటు. జాగ్రత్తకు చేయవలసిన పని ఒకటి ఎదురుగా ఉంటుంది, అది చేశాక జాగ్రత్త తీరుతుంది. ఈ భయం మాత్రం పనిని వదిలి చేసిన మనిషిని పట్టుకుంటుంది. ఫలితం మొత్తానికీ కర్తను నేనే అన్న నమ్మకం దాని వేరు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం సరిగ్గా ఈ నమ్మకాన్నే ప్రశ్నిస్తుంది. ఏ కర్మ ఫలించాలన్నా ఐదు కారణాలు కలవాలంటుంది: అధిష్ఠానం, కర్త, రకరకాల సాధనాలు, వేరు వేరు చేష్టలు, ఐదోది దైవం. ఇలా ఉండగా తానొక్కడే కర్తనని చూసేవాడి బుద్ధి పక్వం కానిదని ఆ వెంటనే అంటుంది. శంకరులు అధిష్ఠానమంటే శరీరమనే అర్థం చెప్పారు. ఆ అర్థాన్ని శరీరం నుంచి ఇంటికీ వీధికీ ఊరికీ చాపుతున్నది నేను. అయినా తర్కం చెడదు. గర్భిణి శరీరం గాలిలో వేలాడదు. ఒక ఇంట్లో, ఒక గోదాము పక్కన, ఒక మురుగుకాలువ ఒడ్డున ఉంటుంది. ఆ ఇల్లు అధిష్ఠానం. చేతి తొడుగులూ బ్లీచూ మూత ఉన్న డబ్బా సాధనాలు. భర్త, అత్త, ఇంటి యజమాని, నగరపరిషత్ చేసేవీ చేయనివీ చేష్టలు. ఎవరి చేతిలోనూ లేనిది దైవం. ఈ ఐదింటిలో తల్లి కర్త అనే ఒక్కటి మాత్రమే. మిగతా నాలుగింటి ఖాతాలు కూడా ఆమె పేరనే రాసినప్పుడు పుట్టేదే తీరని భయం.

ఈ గీతాబోధ ఆత్మజ్ఞానానికి సంబంధించినదని, కర్తృత్వాహంకారం పోవడానికే తప్ప తప్పును మొగుడి మీదో మునిసిపాలిటీ మీదో నెట్టడానికి కాదని ఒకరు అనవచ్చు. ఆ మాట సగమే నిజం. నేనొక్కదాన్నే కర్తను కాను అన్న ఎరుక తల్లికి శాంతినిస్తుంది. అదే ఎరుక తమకేమీ సంబంధం లేదనుకునే మిగతావాళ్ళ శాంతిని చెడగొడుతుంది. ఐదు కారణాల సిద్ధాంతం ఒకరికి విముక్తి అయితే, ఇంకొకరికి సమన్లు. దాన్ని గర్భిణికి ఓదార్పుగా మాత్రమే చెప్పి, ఇంట్లో మిగతావాళ్ళకు చెప్పకపోవడం గీతను సగం చదవడమే.

మన పురాణాల్లో గర్భం చుట్టూ అల్లిన కథలు చూసినా ఇదే తేలుతుంది. ప్రహ్లాదుడు కడుపులో ఉండగా తల్లి లీలావతిని ఇంద్రుడు పట్టుకుపోతాడు. ఆమె వణికిపోయింది, ఏడ్చింది. భయమే బిడ్డను పాడుచేసేదైతే ప్రహ్లాదుడు పుట్టకూడదు. కాని నారదుడు అడ్డుపడి ఆమెను విడిపించి, భర్త తపస్సు నుంచి తిరిగొచ్చేదాకా తన ఆశ్రమంలో ఉంచుకుంటాడు. ఆమె ధైర్యం గొప్పదని కథ చెప్పదు, ఆమెకు దొరికిన ఆసరా గొప్పదని చెబుతుంది. అశ్వత్థామ అస్త్రం తరుముతుంటే ఉత్తర కృష్ణుడి దగ్గరికి పరుగెత్తి, తనకేమైనా సరే, కడుపులోని బిడ్డను కాపాడమంటుంది. పరీక్షిత్తు బతికింది ఆమె భయపడకుండా ఉండటం వల్ల కాదు, ఆ భయానికి పలికినవాడు ఉండటం వల్ల. అష్టావక్రుడి ఒళ్ళు ఎనిమిది చోట్ల వంకరపోవడానికి తల్లి సుజాత చేసిన తప్పంటూ ఏదీ లేదు. గర్భంలోంచి తన వేదపఠనంలో తప్పు పట్టాడన్న కోపంతో తండ్రి కహోడుడు పెట్టిన శాపం అది. మూడు కథల్లోనూ గర్భానికి వచ్చిన హాని బయటి నుంచే వచ్చింది. రెండింట్లో రక్షణ కూడా బయటి నుంచే వచ్చింది.

నాలుగోది అభిమన్యుడి కథ. అర్జునుడు పద్మవ్యూహం గురించి చెబుతుంటే సుభద్ర నిద్రపోయిందని, అందుకే బిడ్డకు లోపలికి పోవడమే తెలిసింది కాని బయటికి రావడం తెలియలేదని ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. వ్యాసభారతం ద్రోణపర్వంలో అభిమన్యుడు వ్యూహంలోకి చొరబడటం తండ్రి నేర్పాడని, బయటపడటం నేర్పలేదని అంటాడు. తల్లి నిద్ర ఊసు అక్కడ లేదు. కొడుకు చావుకు ఆరుగురు మహారథులు చుట్టుముట్టడం, వెంట వస్తామన్న పెదతండ్రులను సైంధవుడు ఆపేయడం చాలినంత కారణాలు. అవి చాలవన్నట్టు జనం ఒక గర్భవతి కునుకును కూడా జాబితాలో చేర్చారు. తల్లి తప్పు మూలంలో ఉన్నది కాదు, జనశ్రుతిలో మనం కలుపుకున్నది. జొన్న బస్తా దగ్గర గర్భిణిని నిలబెట్టి నువ్వెందుకు చూసుకోలేదని అడిగే గొంతు ఆ కునుకును కనిపెట్టిన గొంతే.

దీనికి గట్టి అభ్యంతరం ఆయుర్వేదం నుంచే వస్తుంది. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయం గర్భానికి కీడు చేసేవాటిని లెక్కపెడుతూ, ఎప్పుడూ దుఃఖంలో ఉండే తల్లికి పిరికివాడో అల్పాయుష్కుడో పుడతాడని అంటుంది. అలాంటప్పుడు తల్లి మనసే కారణమని శాస్త్రమే చెప్పినట్టు కాదా? రెండు మాటలు చెప్పుకోవాలి. తల్లి దుఃఖం బిడ్డ స్వభావాన్ని ఇలా గీత గీసినట్టు నిర్ణయిస్తుందన్నది నేటి వైద్యం ముందు నిలవదు. దీర్ఘకాలపు తీవ్ర ఒత్తిడి మంచిది కాదన్నంత వరకే అది ఒప్పుకుంటుంది. ఇంకా ముఖ్యమైనది, అదే అధ్యాయం గర్భిణిని ఎలా చూసుకోవాలో కూడా చెబుతుంది: అంచుదాకా నూనె నిండిన పాత్రను తొణక్కుండా పట్టుకున్నట్టు. పాత్రకు తొణకకూడదన్న కర్తవ్యం ఉండదు, పట్టుకున్న చేతులకు ఉంటుంది. దుఃఖపడితే బిడ్డకు చెడ్డది కాబట్టి నువ్వు దుఃఖపడకు అని గర్భిణికి చెప్పడం, ఉన్న భయానికి భయపడినందుకు ఇంకో భయం జోడించడమే. ఆమె దుఃఖపడే పరిస్థితి రానివ్వకండి అని ఇంటిల్లిపాదికీ చెప్పడం చరకుడి మాటకు సరైన అన్వయం.

అదే సంహితలో విమానస్థానం మూడో అధ్యాయం ఈ చర్చకు మరీ దగ్గరిది. గంగ ఒడ్డున కాంపిల్యంలో పునర్వసు ఆత్రేయుడు శిష్యుడు అగ్నివేశుడికి ఊళ్ళకు ఊళ్ళు జబ్బుపడటానికి కారణాలు చెబుతాడు. మనుషుల ఒంటితీరులు వేరు వేరైనా అందరికీ ఉమ్మడిగా ఉండేవి నాలుగు: గాలి, నీరు, నేల, కాలం. ఇవి చెడితే జనపదమంతా చెడుతుంది. చెడిన నేల గుర్తుల్లో తేమ, పాములు, దోమలు, ఈగలతో పాటు ఎలుకలనూ పేరుపెట్టి చెబుతాడు. ఈ నాలుగూ ఎందుకు చెడతాయన్నదానికి జవాబు అధర్మం. ముఖ్యంగా దేశాన్నీ నగరాన్నీ పాలించే పెద్దలు ధర్మం తప్పడం. గమనించాల్సింది ఇదే. ఎలుకలను చరకుడు ఒక ఇల్లాలి శుచి కింద లెక్కకట్టలేదు, ఊరి నేల కింద, ఊరి పెద్దల ధర్మం కింద లెక్కకట్టాడు. క్రిములంటే ఏమిటో ఆయనకు తెలిసే వీలు లేదు. కాని ఎలుక ఒకరి ఇంటి సమస్య కాదన్న సంగతి ఆయన చూపు దాటిపోలేదు.

ఈ నేల అనుభవమూ అదే. ఉమ్రి ఉన్న మరాఠ్వాడాలోనే, బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో 1994 ఆగస్టులో ప్లేగు కనిపించింది. మరుసటి నెలలో సూరత్ వణికింది. ఒక్క ఇల్లు తుడిచినంత మాత్రాన ఆగే జబ్బు కాదది. ఎలుకల ఒంటి మీది ఫ్లీ పురుగులు ప్లేగును మోస్తాయని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ చూపించాక దానికి మందు మురుగుకాలువల్లో, గోదాముల్లో వెతకాలని తెలిసింది. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి నవజాత శిశువుల విభాగంలో ఎలుకలు కరిచిన పసికందు ప్రాణం పోయింది. తల్లి బిడ్డను అత్యంత భద్రమనుకున్న చోటే ఉంచింది. ఆమె ఇంట్లో ఎంత శుభ్రంగా ఉన్నదీ, నెలల పాటు ఎంత జాగ్రత్తపడ్డదీ అక్కడ లెక్కకు రాలేదు. ఉమ్రి లాంటి తాలూకా ఊళ్ళో గింజ అంగడి, పత్తి జిన్నింగు, చౌకడిపో గోదాము, మూత లేని మోరీ వరసగా ఉంటే, ఆ వరస చివరి ఇంట్లోని గర్భిణి తన గడప లోపల ఎన్నిసార్లు బ్లీచు చల్లినా ఎలుక మళ్ళీ వస్తుంది. మళ్ళీ వచ్చిన ప్రతిసారీ నేనే సరిగా చేయలేదు అనుకుంటుంది. మోరీకి మూత వేయాల్సినవాళ్ళ అపరాధం ఆమె నిద్రలోకి వచ్చి కూర్చుంటుంది.

భయమే లేకపోతే జాగ్రత్త ఎక్కడిది, కాస్త ఎక్కువ భయపడితే నష్టమేమిటి అని అడిగేవాళ్ళున్నారు. నష్టం ఉంది. హద్దు మీరిన భయం జాగ్రత్తను పెంచదు, దారి తప్పిస్తుంది. ఆందోళనలో ఉన్న మనిషి అర్ధరాత్రి లేచి పొడి చీపురుతో మూలమూలా ఊడుస్తుంది. చేయకూడని పని సరిగ్గా అదే. ఎలుకల మందు పేస్టు తెచ్చి వంటింట్లో రొట్టెముక్కలకు పూసి పెడతారు. వాటిలో కొన్నింటిలో ఉండే పసుపు భాస్వరం కాలేయాన్ని కాల్చేస్తుంది. జొన్నల్లో వేసే గ్యాసు బిళ్ళలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. తలుపులు మూసిన గదిలో అది మనుషులనే చంపగలదు. అరుదైన ముప్పు నుంచి తప్పించుకోబోయి అంతకంటే పెద్ద ముప్పును ఇంట్లోకి తెచ్చుకోవడం భయానికి బాగా తెలిసిన విద్య.

ఇంకో వైపు నుంచి వినాయకుడి వాహనం మాట వస్తుంది. కడుపుతో ఉన్న ఇంట్లో జీవహింస కూడదని, ముఖ్యంగా భర్త ఏ ప్రాణినీ చంపకూడదని నమ్మే ఇళ్ళు ఈ పట్టున చాలానే ఉన్నాయి. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు, దాని సారాన్ని పట్టుకుంటే చాలు. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసకు మూలం ప్రమాదం, అంటే ఏమరుపాటు, అంటుంది. కన్నం పూడ్చడం, గింజకు మూత పెట్టడం, ఎలుకకు తిండి దొరక్కుండా చేయడం హింస కాదు. హింస అవసరం రాకుండా చేసే మెలకువ అది. కన్నాలు అలాగే ఉంచి, బస్తాలు తెరిచి ఉంచి, ఎలుకను చంపను, అది దేవుడి వాహనం అనడం భక్తి కాదు, బద్ధకానికి దేవుణ్ణి అడ్డుపెట్టుకోవడం. ఆ బద్ధకానికి వెల చెల్లించేది చంపనన్నవాడు కాదు, పెంటికలు ఎత్తే మనిషి.

చివరిది కర్మ వాదం. జరగాల్సింది జరుగుతుంది, ఆ బిడ్డ తెచ్చుకున్న కర్మను ఎవరాపగలరు అన్నది. గీత దైవాన్ని కాదనలేదు, కాని ఐదోదిగా చెప్పింది. మొదటి నాలుగింటినీ ఖాళీగా వదిలేసి ఐదోదాన్ని పిలిచే హక్కు ఎవరికీ లేదు. చరకుడు కూడా ఆయువు దైవం మీదా పురుషప్రయత్నం మీదా రెండింటి మీదా ఆధారపడుతుందన్నాడు. ప్రయత్నం బలమైతే బలహీనమైన దైవాన్ని అది అణచగలదన్నాడు. అయితే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కీడు జరగవచ్చు. గర్భాలు పోతాయి, ఏ ఎలుకా లేని ఇళ్ళలోనూ పోతాయి, చాలాసార్లు కారణం ఎవరికీ అంతుపట్టదు. దైవమన్న మాటకు చోటు అక్కడ ఉంది: చేయగలిగినదంతా చేశాక మిగిలినదాన్ని తన తప్పుగా రాసుకోకుండా ఉండటానికి. పనికి ముందు వాడితే అదే మాట సాకు అవుతుంది. పని తర్వాత వాడితే సాంత్వన అవుతుంది. మన ఇళ్ళలో మగవాళ్ళు దాన్ని ముందు వాడుకుంటున్నారు, ఆడవాళ్ళకు తర్వాత కూడా దక్కనివ్వడం లేదు.

అందువల్ల గర్భిణి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇది. ఆమె వాటా ఉంది, అది చిన్నది, దానికి హద్దుంది. పెంటికలు కనబడితే చెప్పడం, తాను ఎత్తకపోవడం, తప్పనిసరైతే తడిపి ఎత్తడం, జ్వరం వస్తే దాచకుండా డాక్టరుకో ఆశా కార్యకర్తకో చెప్పడం. ఇంతటితో ఆమె ధర్మం పూర్తి. పెంటికలు తడిపి ఎత్తడం, కన్నం పూడ్చడం భర్త వాటా. ఏమీ కాదులే అని కొట్టిపారేయకుండా, నీవల్లే అనకుండా పక్కన కూర్చోవడం అత్తదీ అమ్మదీ వాటా. గోదామును ఇళ్ళకు దూరంగా, మోరీని మూతతో ఉంచడం ఊరి పెద్దల వాటా. అడిగిన ప్రశ్నకు విసుక్కోకుండా జవాబివ్వడం ఆసుపత్రి వాటా. ఈ వాటాలు ఎవరివి వాళ్ళు తీసుకుంటే తల్లికి భయం పూర్తిగా పోతుందని చెప్పను. కడుపులో ఇంకో ప్రాణాన్ని మోసే మనిషికి కొంత గుబులు సహజం, అది ప్రేమలో భాగం. పోవాల్సింది ఆ గుబులు కాదు, దాని మీద మిగతావాళ్ళు ఎక్కించిన నేరభారం. నిర్భయంగా ఉండు అని గర్భిణికి బోధించే ముందు, ఆమె నిర్భయంగా ఉండటానికి నేను చేయాల్సినది చేశానా అని బోధించేవాడు తనను అడగాలి. గీత పదహారో అధ్యాయం దైవీసంపదలో అభయాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది. ఆ సంపద ఉందని చెప్పుకునే ఇంటికి పరీక్ష, ఆ ఇంటి గర్భిణి బస్తా వెనక చూసినదాన్ని సంకోచం లేకుండా పైకి చెప్పగలగడమే.